మూరెడు ఫిల్మ్, ఒక సెకను

పూలమ్మి దండ కొలిచే తీరు గుర్తు చేసుకోండి. మోచేతి దగ్గర మొదలుపెట్టి నడివేలి కొసదాకా లాగుతుంది, అక్కడ గోటితో దారం తెంపుతుంది. ఆ మూర 18 అంగుళాలు. ఇప్పుడు 35 ఎం.ఎం. ఫిల్మ్ లెక్క చూడండి. అడుగుకి 16 ఫ్రేములు, అడుగున్నరకి 24. ప్రొజెక్టర్ సెకనుకి తిప్పేదీ 24 ఫ్రేములే. అంటే మూరెడు ఫిల్మ్ తెర మీద ఒక సెకను. జానెడు అర సెకను. బెత్తెడు నాలుగు ఫ్రేములు. బారెడు నాలుగు సెకన్లు. ఎక్కడో ఎవరో పెట్టిన కొలత మన మూరకి ఇంత చక్కగా అతకడం కాకతాళీయమే. అయినా మద్రాసు ఎడిటింగ్ రూముల్లో ఫిల్మ్ పట్టుకున్న చేతులకి కాలమంటే ఏమిటో అలాగే తెలిసింది. గడియారం చూసి కాదు, చెయ్యి చాచి.

ఈమధ్య ఎడిటింగ్ నేర్పేవాళ్లు, నేర్చుకునేవాళ్లు తరచూ ఒక మాట అంటున్నారు: "రిథమ్ అనేది లోపలనుంచి రావాలి, నేర్పితే వచ్చేది కాదు." ఆ మాట వింటే పాత రూములే గుర్తొస్తాయి. అక్కడ రిథమ్ అన్న పదం ఎవరూ పెద్దగా వాడలేదు. "లాగ్ అవుతోంది", "తొందరపడ్డావ్", "ఊపిరాడనివ్వు", "ఇంకో రెండు తియ్" ఇవే పాఠాలు. కానీ నేర్పారు. నూటికి నూరుపాళ్లూ నేర్పారు.

రూమంటే పెద్దదేమీ కాదు. వడపళనిలో వాహినీ, ఏవీఎం స్టూడియోల చుట్టుపక్కలైనా, సాలిగ్రామంలో ప్రసాద్ దగ్గరైనా ఒకటే నమూనా. బల్లకి రెండు చివరలా చేత్తో తిప్పే రివైండర్లు, మధ్యలో కింద దీపం వెలిగే పాల గాజు పలక. దాని పక్కన బొమ్మ ఫిల్మ్‌నీ సౌండ్ ఫిల్మ్‌నీ సమంగా తిప్పే సింక్రొనైజర్, ముక్కలు అతికే జాయినర్. గోడవారన గుడ్డ సంచీ కట్టిన బిన్, దాని పైన కొక్కేలకి వేలాడే ఫిల్మ్ ముక్కలు. చేతులకి తెల్ల నూలు గ్లౌజులు. గది నిండా ఫిల్మ్ సిమెంట్, అంటే అతికే జిగురు, ఘాటు. మూలన మూవియోలా. 1924లో ఐవాన్ సెర్రూరియర్ తయారుచేసిన ఆ యంత్రం చూడ్డానికీ వినడానికీ కుట్టుమిషన్ లాగే ఉండేది: కాలికింద పెడల్, చేతికి బ్రేక్, బొమ్మ ఒక పక్క, శబ్దం ఒక పక్క, టకటకమని చెవులు హోరెత్తించే చప్పుడు. తర్వాత జర్మనీ స్టీన్‌బెక్ లాంటి బల్లలు వచ్చాయి. రీళ్లు పళ్లేల్లా పడుకుని తిరిగేవి, చప్పుడు తగ్గింది, స్క్రీను పెద్దదైంది. సుఖంగా ఉండేది నిజమే. కానీ మూవియోలా మీద నేర్చుకున్నవాళ్ల కాలికి ఒక తాళం పట్టేది, బల్ల మీద నేర్చుకున్నవాళ్లకి అది పట్టడానికి ఇంకొంచెం టైం పట్టేది. ఇది రుజువు చేయగలిగే సంగతి కాదు, మా అభిప్రాయం.

స్కూళ్లు లేవని కాదు. పుణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లోనే మొదలైంది, మద్రాసులో తరమణి ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండిట్లోంచీ మంచి ఎడిటర్లు వచ్చారు. అయినా తెలుగు సినిమాలో ఈ పని ఎక్కువగా ఇంటి విద్యలా సాగింది. అక్కినేని సంజీవి గారి దగ్గర కొడుకు శ్రీకర్ ప్రసాద్, కె.ఎ. మార్తాండ్ గారి దగ్గర కొడుకు వెంకటేశ్, కోటగిరి గోపాలరావు గారి దగ్గర తమ్ముడు వెంకటేశ్వరరావు. ఆదుర్తి సుబ్బారావు గారు డైరెక్టర్ కాకముందు ఎడిటర్. విశ్వనాథ్ గారు వాహినీలో సౌండ్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చారు, ఆ చెవి ఎక్కడికి పోతుంది! వీళ్లెవరికీ సిలబస్ ఇచ్చిన వాళ్లు లేరు. రివైండర్ ఇచ్చారు.

అప్రెంటిస్‌గా చేరినవాడికి మొదటి ఏడాది కత్తెర ఇచ్చేవారు కాదు. చుట్టడం, సింక్ చేయడం (బొమ్మనీ సౌండ్‌నీ జతపరచడం), నంబర్లు రాయడం, ట్రిమ్‌లు (కోసి తీసేసిన ముక్కలు) సర్దడం. బయటివాళ్లకి ఇది కూలిపనిలా కనిపిస్తుంది. పాఠమంతా ఇందులోనే ఉంది. సింక్ సంగతే చూడండి. ల్యాబ్ నుంచి రష్ ప్రింట్, అంటే తీసిన షాట్ల తొలి ప్రింట్, వస్తుంది, సౌండ్ అదే సైజు మాగ్నెటిక్ ఫిల్మ్ మీదికి ఎక్కి వస్తుంది. బొమ్మలో క్లాప్ పలకలు రెండూ తాకిన మొట్టమొదటి ఫ్రేము వెతికి చైనాగ్రాఫ్ అనే మైనపు పెన్సిల్‌తో ఇంటూ పెట్టాలి. సౌండ్‌ని దాన్ని వినిపించే హెడ్ మీద చేత్తో ముందుకీ వెనక్కీ జరుపుతూ "టక్" ఎక్కడ మొదలవుతుందో పట్టుకుని గీత పెట్టాలి. రెండు గుర్తులూ సింక్రొనైజర్‌లో పక్కపక్కన బిగించి వెనక్కి తిప్పి, షాట్ మొదట్లో స్టార్ట్ మార్కు వేయాలి. సింక్రొనైజర్ చక్రం ఒక చుట్టు ఒక అడుగు, దాని అంచు మీద 16 గళ్లు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. అందులో పాతిక షాట్లుంటే పాతిక క్లాపులు. రోజుకి మూడు నాలుగు రీళ్లు చేసినవాడికి ఆరు నెలల్లో ఏమవుతుందంటే, ఒక్క ఫ్రేము తేడా చెవికి తెలుస్తుంది. పెదవి కదిలాక మాట రెండు ఫ్రేములు ఆలస్యంగా వస్తే తెర మీద ఏదో తప్పని ప్రేక్షకుడికీ అనిపిస్తుంది, కాకపోతే ఏం తప్పో చెప్పలేడు. అప్రెంటిస్ చెప్పగలడు. అదే తేడా.

ఇంకొకటి కూడా జరుగుతుంది. ఒకే డైలాగు ఆరు టేకులు వరసగా సింక్ చేస్తుంటే, నటుడు ఏ టేకులో ఎక్కడ ఊపిరి తీశాడో, ఎక్కడ తడబడి సర్దుకున్నాడో, ఎక్కడ నిజంగా విన్నాడో తెలిసిపోతుంది. చూస్తున్నామన్న స్పృహ లేకుండానే చూడటం అది. తర్వాత ఎడిటర్ "మూడో టేకులో ఆ చూపు తే" అంటే లాగ్‌బుక్ తెరవకముందే చెయ్యి సరైన డబ్బా మీదికి పోతుంది.

కత్తెర చేతికొచ్చాక భయం మొదలయ్యేది. టేపు జాయినర్లు రాకముందు అతుకులన్నీ సిమెంట్‌తోనే. ఫ్రేము అంచున ఎమల్షన్, అంటే బొమ్మ పట్టే పూత, గీకి, సిమెంట్ రాసి, రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి నొక్కిపట్టాలి. ఆ గీకిన చోట ఫ్రేము పోయినట్టే. కట్ చేసి, నచ్చక విప్పి, మళ్లీ అతికించాలంటే ఒక్కోసారి ఒక్కో ఫ్రేము ఖర్చు. పోయిన ఫ్రేము స్థానంలో నల్ల ఫిల్మ్ పెట్టి లెక్క సరిచేయాలి, లేదంటే సౌండ్ జారుతుంది. మూడుసార్లు మనసు మార్చుకున్న కట్ దగ్గర రష్ చూస్తుంటే నల్లగా టిక్కుమని కొట్టేది, థియేటర్లో అందరికీ తెలిసేది ఎవరు ఎంత తటపటాయించారో. అందుకని కత్తిరించకముందే తలలో పది రకాలుగా కత్తిరించేవారు. ఇటలీ ఎడిటర్ లియో కటోజో కనిపెట్టిన టేపు జాయినర్ ఆ భయం తీసేసింది: ఫ్రేము పోదు, విప్పొచ్చు, మళ్లీ అంటించొచ్చు. వరమే. దానితోపాటే "వేసి చూద్దాం" అన్న బద్ధకమూ వచ్చింది. కంప్యూటర్ వచ్చాక ఆ బద్ధకానికి హద్దు లేకుండా పోయింది.

కట్ ఎక్కడ పెట్టాలో ఎలా నేర్పేవారు? యంత్రం మీద షాట్ నడిపిస్తూ, "నీకు ఎక్కడ చాలనిపిస్తే అక్కడ ఆపు" అనేవారు. ఆపిన ఫ్రేము మీద గీత. వెనక్కి తిప్పి, ఆ గీత చూడకుండా మళ్లీ. ఇంకో రంగు పెన్సిల్‌తో ఇంకో గీత. మూడోసారి. ఆ తర్వాత గాజు పలక మీద పెట్టి మూడు గీతల మధ్య దూరం లెక్కపెట్టడం. ఒకటి రెండు ఫ్రేముల్లో మూడూ పడితే వాడికి షాట్ అర్థమైందన్నమాట. ఎనిమిది పది ఫ్రేములు చెల్లాచెదురుగా ఉంటే ఇంకా అర్థం కాలేదు, మళ్లీ చూడాలి. హాలీవుడ్‌లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఇలాగే నడుస్తున్న షాట్‌ని ఆపి, మళ్లీ ఆపి, అదే ఫ్రేము మీద ఆగిందా అని సరిచూసుకుంటానని చెప్పాడు. ఆయన నిలబడి ఎడిట్ చేస్తాడు కూడా, వంటవాడిలా, సర్జన్‌లా. మన దగ్గర దీనికి పేరు లేదు, మాటలు మాత్రం ఇలా ఉండేవి:

"ఎక్కడ ఆపావ్ రా?"

"ఆవిడ చూపు తిప్పాక సార్."

"తిప్పాకా, తిప్పుతుండగానా?"

"తిప్పాక సార్."

"అయితే అక్కడ ఆవిడ నిర్ణయం అయిపోయింది. ఇంకేం చూపిస్తావ్? తిప్పుతుండగా ఆపి చూడు."

ఆ రెండింటికీ మధ్య ఉన్నది ఐదు ఫ్రేములు, సెకనులో అయిదోవంతు. తిప్పాక కట్ చేస్తే వాక్యం చివర పుల్‌స్టాప్ పెట్టినట్టు. తిప్పుతుండగా కట్ చేస్తే ఆవిడ ఏం చూసిందోనని మన తలా తిరుగుతుంది, వచ్చే షాట్ ఆ తిరుగుడుకి జవాబవుతుంది. సహజబుద్ధి అనేది గాలిలోంచి రాదనడానికి ఈ పరీక్షకన్నా గట్టి సాక్ష్యం లేదు. మూడుసార్లూ ఒకేచోట చెయ్యి ఆగిందంటే శరీరం ఏదో లెక్క వేసిందనే. ఆ లెక్క తప్పుగా ఉండొచ్చు, అది వేరే సంగతి. నిలకడ ముందు రావాలి. నిలకడగా తప్పుచేసేవాణ్ణి దిద్దొచ్చు. రోజుకో చోట ఆపేవాణ్ణి ఏం దిద్దుతాం?

కంటి రెప్ప సంగతి కూడా అప్పుడే చెప్పేవారు. నటులు ఒక ఆలోచన ముగిశాక రెప్ప వేస్తారు. రెప్పపాటు నాలుగైదు ఫ్రేములు, బెత్తెడు. కట్ ఆ రెప్ప మధ్యలో పడితే కన్ను సగం మూసిన బొమ్మ మీద షాట్ అయిపోయి మనిషి మగతలో ఉన్నట్టు కనిపిస్తాడు. రెప్పకి రెండు ఫ్రేములు ముందు తీసేయాలి, లేదా రెప్ప పూర్తిగా తెరుచుకునేదాకా ఆగాలి.

పాటలు వేరే ప్రపంచం. ఇందులో మనవాళ్లని మించినవాళ్లు లేరంటే అతిశయోక్తి అనుకోకండి. నిమిషానికి 90 దెబ్బలు పడే పాట తీసుకోండి. సెకనుకి ఒకటిన్నర దెబ్బ, అంటే దెబ్బకి 16 ఫ్రేములు. సరిగ్గా అడుగు. సింక్రొనైజర్ చక్రం ఒక్కో చుట్టుకి ఒక్కో దెబ్బ. ఆది తాళం ఒక ఆవర్తం, అంటే ఎనిమిది దెబ్బల చుట్టు, ఎనిమిది అడుగులు. ఈ పాట కట్ చేయడం పలక మీద గళ్లు గీసినంత తేలిక. 120 అయితే దెబ్బకి 12, జానెడు. 80 అయితే 18. 72 అయితే 20. అసలు చిక్కు 100 దగ్గర. దెబ్బకి 14.4 ఫ్రేములు. ఫ్రేములో నాలుగు పదోవంతులు ఎవరు కోయగలరు? కొత్తవాడు 14, 14, 14 అని గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. ఐదు దెబ్బలకి రెండు ఫ్రేములు తక్కువ పడతాయి, చరణం వచ్చేసరికి పాట ఒక చోట, వాడి గుర్తులు ఒక చోట. సరైన పద్ధతి: ఐదు దెబ్బలకి 72 ఫ్రేములు, సరిగ్గా మూడు సెకన్లు. దాన్ని 14, 15, 14, 15, 14 గా పంచాలి. ఒక ఫ్రేము హెచ్చుతగ్గు కంటికి తెలియదు, ఐదో దెబ్బకి లెక్క మళ్లీ కలుస్తుంది. లెక్క సరే, మాగ్నెటిక్ నడిపిస్తూ తొడ మీద తాళం వేసి, వేసిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టేవాళ్లూ ఉన్నారు. తర్వాత లెక్కతో సరిచూస్తే రెండూ కలిసేవి.

గుర్తులు పడ్డాక అసలు పాఠం. గుర్తు మీదే కట్ చేయకూడదు. నర్తకి పాదం నేలని తాకడం, మృదంగం దెబ్బ, కట్, మూడూ ఒకే ఫ్రేములో పడ్డాయనుకోండి, కన్నుకి ఆ పాదం కనపడనే కనపడదు. కొత్త బొమ్మలో ఏముందో పట్టుకోడానికి కంటికి కొంచెం వ్యవధి కావాలి, చెవి అంతకన్నా చురుకు. కాబట్టి దెబ్బకి రెండు మూడు ఫ్రేములు ముందే కట్. కొత్త షాట్‌లో పాదం ఇంకా గాలిలో ఉంటుంది, కన్ను దాన్ని పట్టుకుంటుంది, అప్పుడు దెబ్బ మీద నేలకి తాకుతుంది. కాగితం మీద చూస్తే కట్ తాళం తప్పింది. తెర మీద అదే తాళం.

ఇక ప్రతి దెబ్బకీ కట్ చేయడమనే జబ్బు. నేర్చుకునేవాడు నెలన్నర రెండు నెలలు ఈ జబ్బు పడకుండా ఉండడు. తాళం దొరికిన సంబరం అది. ఫలితం నాట్యంలా ఉండదు, స్కూలు డ్రిల్లులా ఉంటుంది. మందు కూడా తాళంలోనే ఉంది. మిశ్రచాపు ఏడక్షరాలు, మూడూ నాలుగుగా విరుగుతాయి. ఒకసారి మూడు దగ్గర, ఒకసారి ఏడు దగ్గర, ఒకసారి అసలు ఆవర్తం మొత్తం వదిలేసి తర్వాతి సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద కట్ చేసి చూడమనేవారు. పద్యం చదవడం వచ్చినవాడికి ఇది చెప్పక్కర్లేదు. యతి ఉన్న ప్రతిచోటా ఆగి చదివేవాడు పద్యం చదవడంలేదు, గణాలు లెక్కపెడుతున్నాడు. యతి ఉందని తెలియాలి, దాని మీదుగా అర్థాన్ని నడిపించాలి.

మాటల సీనుకి వస్తే, ముగ్గురు అసిస్టెంట్లకి ఇద్దరు మనుషులు మాట్లాడుకునే ఒకే సీను ఇచ్చి చూస్తే ముగ్గురూ ఒకలాగే మొదలుపెడతారు: ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం, మాట అయిపోగానే అవతలివాళ్లు. పింగ్‌పాంగ్ ఆట. ఇలా కట్ చేసిన రీలుని సౌండ్ తీసేసి మళ్లీ నడిపించమనేవారు. బొమ్మ ఒక్కటే నడిస్తే జబ్బు బయటపడుతుంది, తలకాయలు ఊపే గడియారంలా ఉంటుంది. అప్పుడు బుర్రకథ గుర్తు చేయాలి. కథకుడు ఒక్కడే చెప్పుకుపోతే వినలేం. పక్కన వంత ఉంటాడు, "ఆహా" అంటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, ఒక్కోసారి ఏమీ అనకుండా డక్కీ మీద చెయ్యి వేసి ఊరుకుంటాడు. సీనులో వినేవాడి మొహం ఆ వంత. మాట ఎవరిదన్నది కాదు, ఆ మాట ఎవరికి తగిలిందన్నది చూడాలి. తగిలిన మొహం మీదికి మాట పూర్తికాకముందే వెళ్లాలి, సాధారణంగా చివరి పదానికి ముందు, 8 నుంచి 12 ఫ్రేములు, సుమారు జానెడు.

చేతిపని పరంగా ఇదెలా చేస్తారంటే, ముందు బొమ్మా సౌండూ ఒకేచోట తిన్నగా కట్. తర్వాత సౌండ్ ముట్టుకోకుండా, బొమ్మలో మాట్లాడేవాడి తోక 8 ఫ్రేములు తగ్గించి, వినేవాడి తల 8 ఫ్రేములు పెంచాలి. ఈ రెండో సగం మర్చిపోవడమే కొత్తవాళ్ల నిత్యకృత్యం. తగ్గించి ఊరుకుంటారు. అక్కడినుంచి రీలు చివరిదాకా మాట 8 ఫ్రేములు ఆలస్యం. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి రీలు మొదటినుంచి సింక్రొనైజర్‌లో పెట్టి ఒక్కో అతుకూ చూసుకుంటూ రావాలి. ఒక మధ్యాహ్నం పోతుంది. రెండోసారి మర్చిపోరు.

డబ్బింగ్ లూపులు కట్టడం కూడా గొప్ప బడి. పైలట్ ట్రాక్‌తో, అంటే షూటింగ్‌లో గుర్తుకోసం పట్టిన సౌండ్‌తో, తీసిన సినిమాని డబ్బింగ్‌కి ముక్కలు చేయాల్సి వచ్చేది. ఒక్కో ముక్క తలా తోకా అతికించి లూపు చేస్తే అది ఆగకుండా తిరుగుతుంటుంది, నటులు చూస్తూ చెబుతుంటారు. ఎక్కడ విరవాలన్నది అసిస్టెంట్ తేల్చాలి. వాక్యం మధ్యలో విరిస్తే నటుడికి ఊపందుకోదు, మరీ పొడుగైతే చివరి మాట గుర్తుండదు. ఊపిరి తీసే చోట విరవాలి. మనుషులు మాట్లాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీస్తారో వందల లూపులు కట్టినవాడికి తెలిసినంతగా డాక్టరుకి కూడా తెలియదేమో.

ఫైట్ల గురించి పొట్టిగా చెప్పొచ్చు. గుద్దు తగిలే ఫ్రేముకి రెండు మూడు ఫ్రేములు ముందే షాట్ వదిలేయాలి, కొత్త షాట్‌లో తల అప్పటికే వెనక్కి పోతుండాలి. అసలు తగలడం ఎవరూ చూడలేదు, సౌండే గుద్దింది. దానికి భిన్నంగా మామూలు కదలికల్లో, మనిషి కుర్చీలో కూర్చోవడం లాంటివాటిలో, కదలిక మొదలై మూడోవంతు అయ్యాక కట్ చేసి, కొత్త షాట్‌లో రెండు ఫ్రేములు వెనక్కి పట్టుకుంటే నునుపుగా పోతుంది. అదే పని రెండు రకాల కోతలు అడుగుతుంది.

పాఠంగా ఇప్పటికీ పనికొచ్చే ఒక అభ్యాసం ఉంది. మూడే షాట్లు. ఒక స్త్రీ ఉత్తరం చదువుతూ ఉంటుంది, వీధి గేటు చప్పుడవుతుంది, తల ఎత్తుతుంది. రెండో షాట్, మూసివున్న తలుపు. మూడోది, మళ్లీ ఆమె, లేచి నిలబడుతుంది. మొదటిదీ మూడోదీ కదపకుండా తలుపు షాట్ ఒక్కటే మార్చాలి. జానెడు పెట్టండి, అర సెకను: ఎవరొచ్చారో ఆమెకి తెలుసు, ఎదురుచూస్తోంది. మూరెడు: మామూలుగా ఎవరో వచ్చారు. రెండు మూరలు: ఎవరై ఉంటారా అని ఆమె ఆలోచిస్తోంది, ఉత్తరానికీ ఈ రాకకీ ఏదో సంబంధం ఉందని మనకి అనిపిస్తుంది. బారెడు, నాలుగు సెకన్లు: భయం. తలుపు మారలేదు, నటి మొహం మారలేదు, ఎవరూ ఏ మాటా అనలేదు. ఇక ఆరేడు సెకన్లకి లాగితే భయం పోయి ప్రేక్షకుడు తలుపు రంగు చూడటం మొదలుపెడతాడు. ఆ విరిగే చోటు ఎక్కడో కాగితం మీద చెప్పలేం. పదిమందిని కూర్చోబెట్టి చూపిస్తే కుర్చీల్లో కదలిక మొదలయ్యే చోటు అదే.

అందులోనే ఇంకో మెలిక. తల ఎత్తాక ఎంత ఆగి తలుపు చూపించాలి? చూపు తలుపు మీద ఆనిన వెంటనే కట్ చేస్తే ఆమె కళ్లతో మనం చూస్తాం. చూపు ఆని పది పన్నెండు ఫ్రేములు ఆగితే ఆమెని మనం బయటినుంచి చూస్తున్నాం. చూపు ఆనకముందే కట్ చేస్తే తలుపు ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. మూడు సినిమాలు, తేడా జానెడు ఫిల్మ్.

అప్పట్లో చాలా రష్ ప్రింట్లు కలర్ సినిమాకైనా బ్లాక్ అండ్ వైట్‌లోనే తీసేవారు, ఖర్చు తగ్గించడానికి. ఇది లోటులా కనిపించినా నేర్చుకునేవాడికి మేలే చేసింది. ఎర్ర చీర, పచ్చ గోడ లాగేసే కన్ను అక్కడ కదలికనీ వెలుగునీ మాత్రమే చూసేది. తొలి కలర్ ప్రింట్ వచ్చినరోజు కొన్ని కట్లు ఉన్నట్టుండి ఎగిరినట్టు అనిపించేవన్నది కూడా నిజమే.

కంప్యూటర్లు వచ్చాక కొత్త తప్పులు వచ్చాయి, వాటిలో ఒకటి మరీ విచిత్రం. 24 ఫ్రేములతో తీసిన ఫిల్మ్‌ని మన దేశపు టీవీ పద్ధతిలో టేపుకి ఎక్కిస్తే సెకనుకి 25 నడిచేది. నిమిషం సినిమా 57.6 సెకన్లకి అయిపోతుంది. రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు తగ్గి 144 నిమిషాలవుతుంది. టేపు చూసి "భలే పరుగెడుతోంది" అని సంతోషించిన రీలు థియేటర్లో 24 మీద నడిచేసరికి ఈడ్చినట్టుండేది. కట్లు ఒక్క ఫ్రేము కూడా మారలేదు. నూటికి నాలుగుపాళ్ల వేగం చాలు, లయ తెలిసినవాడికి కడుపులో తిప్పడానికి. రెండోది తెర సైజు. చిన్న మానిటర్ మీద కన్ను కదలకుండానే బొమ్మంతా పట్టేస్తుంది, కాబట్టి పొడుగైన షాట్లన్నీ విసుగ్గా అనిపిస్తాయి, కోసేస్తాం. హాల్లో నలభై అడుగుల తెర మీద కన్ను ఒక మూల నుంచి ఇంకో మూలకి నడవాలి, ఆ నడకకి టైం ఇవ్వలేదని అప్పుడు తెలుస్తుంది. మర్చ్ మానిటర్ పక్కన కాగితంతో కత్తిరించిన చిన్న మనిషి బొమ్మలు అంటించుకునేవాడు, తెర ఎంత పెద్దదో గుర్తుండటానికి. పైసా ఖర్చులేని ఉపాయం, ఎవరైనా చేయొచ్చు.

ఇప్పుడు నేర్పేవాళ్లకి పాత రూము నుంచి తీసుకోదగినవి ఉన్నాయి. సౌండ్ గీతలు, అంటే ఆ వేవ్‌ఫార్మ్, స్క్రీన్ మీంచి తీసేయండి. అది కనిపిస్తే పిల్లలు మాట మొదలైన చోటే కోస్తారు. మనిషి మాటకి ఆరేడు ఫ్రేములు ముందు ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరి గీతల్లో దాదాపు కనపడదు, కోతకి పోతుంది. రెండు రీళ్లు అలా కోస్తే పాత్రలన్నీ ఆయాసంతో మాట్లాడుతున్నట్టుంటాయి. కట్‌ని దగ్గరకి అతుక్కునేలా లాగే ఆ అయస్కాంతపు మీట ఆపేయండి. షాట్‌ని ఫ్రేము ఫ్రేముగా జరిపి చోటు వెతకనివ్వొద్దు. నడుస్తుండగానే మార్కు మీట నొక్కించండి, మూడుసార్లు, మూడు సంఖ్యలూ కాగితం మీద రాయించండి. వారానికోసారి అన్‌డూ లేకుండా ఒక సీను కట్ చేయించండి. ఈ చివరిది చెబితే పిల్లలు మొహం మాడ్చుకుంటారు. అయినా చేయించండి.

హాస్యం సీన్లకి మాత్రం ఏ అభ్యాసమూ పూర్తిగా సరిపోదు. నవ్వు పడే చోట రెండు మూడు అడుగులు, అంటే సెకను పైచిలుకు నుంచి రెండు సెకన్లు ఖాళీ వదలాలి, లేకపోతే వచ్చే డైలాగు నవ్వులో కొట్టుకుపోతుంది. నవ్వు పడకపోతే ఆ ఖాళీ గొయ్యిలా కనిపిస్తుంది. పాతవాళ్లు ఆ ఖాళీలో ఎదుటివాడి మొహమో, కాఫీ గ్లాసు దించే చెయ్యో పెట్టేవారు. నవ్వినా సరే, నవ్వకపోయినా సరే.

ఇంత కోతా అయ్యాక మిగిలేవి ట్రిమ్‌లు. మూడు ఫ్రేములు, ఐదు ఫ్రేములు, జానెడు, బెత్తెడు. ఒక్కటీ పారేయకూడదు. లైనప్‌లో, అంటే మొదటి కూర్పులో, తీసేసినది ఫైనల్ ట్రిమ్మింగ్‌లో మళ్లీ అడుగుతారు, ఆర్.ఆర్. (రీరికార్డింగ్, నేపథ్య సంగీతం) ముందురోజు రాత్రి అయినా అడుగుతారు. "ఆ సీన్లో ఆవిడ తల తిప్పేటప్పుడు నాలుగు ఫ్రేములు తీశాం చూడు, అవి పెట్టెయ్." ఫిల్మ్ అంచు మీద కంపెనీ వేసిన నంబరు అప్పట్లో అడుగుకొకసారే పడేది. నాలుగు ఫ్రేముల ముక్కలో చాలాసార్లు నంబరే ఉండదు. అందుకని అడుగుకన్నా చిన్నదైన ప్రతి ముక్క అంచునా పెర్ఫొరేషన్ల (అంచు చిల్లుల) మధ్య సన్న కలంతో పక్క ముక్క నంబరూ, ప్లస్సో మైనస్సో ఎన్ని ఫ్రేములో రాసిపెట్టాలి. రాయని ముక్కకి ఒక్కటే దారి. గాజు పలక మీద రెండు చివరల మధ్య దాన్ని పెట్టి, భూతద్దంలోంచి ఆమె చెవి లోలాకు ఏ ఫ్రేములో ఎంత ఊగిందో చూసుకుంటూ, ఎటు తిప్పితే ఆ ఊగు కలుస్తుందో వెతకాలి. కొన్నిసార్లు ఆ ముక్క బిన్‌లో ఉండదు. రాత్రి ఇంటికెళ్లి చొక్కా విప్పితే మోచేతి మడతలో దొరుకుతుంది.